సావిత్రి గురించి, మన గొడవ గురించి

ఒరేయ్ రవీ,

ఎలా ఉన్నావురా? పిల్లల పరీక్షలు అయిపోయాయా? మొన్న ఫోన్లో సగంలో ఆగిపోయిన మన గొడవ ఇంకా బుర్రలో తిరుగుతూనే ఉంది. "ఆర్టిస్టుని పనితోనే చూడాలి, పర్సనల్ లైఫ్ మనకెందుకు" అన్నావు. నేను కాదన్నాను గానీ, ఎందుకో సరిగ్గా చెప్పలేకపోయాను.

ఆదివారం టీవీలో 'మాయాబజార్' వేశారు. అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ చూస్తోంది. 'అహ నా పెళ్ళియంట' వచ్చింది. అక్కడున్నది శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు కదా! సుశీల గొంతుకి సిగ్గుపడుతున్న సావిత్రి, ఘంటసాల గొంతు దిగేసరికి భుజాలు విరిచేస్తుంది. ఆ చూపు, ఆ నడక అచ్చం ఎస్వీ రంగారావే. మరుక్షణం మళ్లీ పెళ్లికూతురు. 1957లో, ఇరవై దాటీ దాటని వయసులో చేసిందిరా అది! సరిగ్గా అప్పుడే, ఇంటికొచ్చిన చుట్టం ఒకాయన "పాపం, తాగి తాగి పోయింది" అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. సౌండ్ పెంచింది.

అప్పటినుంచీ ఒకటే ఆలోచన. హీరోల విషయంలో "అది ఆయన సొంత విషయం" అని ఎంత తేలిగ్గా వదిలేస్తాం! సావిత్రిని అలా ఎప్పుడు వదిలాం? జెమినీ గణేశన్‌తో పెళ్లి, మందు, పోయిన ఆస్తులు, పందొమ్మిది నెలలు కోమాలో ఉండి 1981 డిసెంబర్ 26న కన్నుమూయడం, అన్నీ అందరికీ కంఠతా వచ్చు. 1968లో 'చిన్నారి పాపలు' డైరెక్ట్ చేసిందనీ, దానికి పి. లీల చేత సంగీతం చేయించిందనీ ఎంతమందికి తెలుసు? 2018లో ఆమె బయోపిక్ వచ్చినప్పుడు కూడా, మందు ఎవరు అలవాటు చేశారన్న దాని మీదే పెద్ద రగడ అయింది. ఆ తాగుడు వల్ల అందరికన్నా ఎక్కువ నష్టపోయింది తనే కదరా.

ఇండస్ట్రీలో ఆడవాళ్లని వేధించినా అదీ పర్సనలే అన్నావే, ఆ రెండో సంగతి వేరు. కేరళలో 2017లో ఒక నటి మీద దాడి జరిగాక, మలయాళ సినిమాల్లో ఆడవాళ్ల ఇబ్బందులు చూడమని జస్టిస్ హేమ కమిటీ వేశారు. 2019 డిసెంబర్‌లో ఇచ్చిన రిపోర్టు 2024 ఆగస్టు దాకా బయటికి రాలేదు. అవకాశం కావాలంటే 'అడ్జస్ట్‌మెంట్', 'కాంప్రమైజ్' అంటారట, అంటే లొంగమని. కొన్ని లొకేషన్లలో ఆడవాళ్లకి టాయిలెట్టు, బట్టలు మార్చుకునే గది కూడా లేవట. ఇది పర్సనల్ లైఫ్ ఎలా అవుతుందిరా? జరిగింది పని దగ్గరే, పని పేరు చెప్పే! మన దగ్గర కూడా, తెలుగు సినిమాల్లో లైంగిక వేధింపుల మీద వేసిన తెలంగాణ సబ్ కమిటీ రిపోర్టు బయటపెట్టమని అదే ఏడాది సమంత అడిగింది.

అలా వేధించిన వాళ్ల పాత పాట వినొద్దని నేననను. చెవిన పడితే నేనూ ఛానెల్ మార్చను. కానీ వాళ్ల సన్మానానికి చప్పట్లు కొట్టమంటే మాత్రం నా వల్ల కాదు. ఆ హాల్లో ఎక్కడో ఒక మూల, నోరెత్తలేని అమ్మాయి కూర్చుని ఉంటుందేమో అనిపిస్తుంది.

ఇంకా కాదంటావా? ఫోన్లో వద్దు, సంక్రాంతికి ఇక్కడికే వచ్చెయ్, తేల్చుకుందాం. నువ్వొస్తే అరిసెలు ఎక్కువ చేయాలని అమ్మ ఇప్పట్నుంచే అంటోంది. ఆ పాట మళ్లీ పెడతాను, ముగ్గురం కూర్చుని చూద్దాం.

నీ
శీను