తాతా మనవడూ ఒక్కరే ఎలా అవుతారు?

సంపాదకులకు నమస్కారం.

వంశవృక్షాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్న తెలుగు కుటుంబాలకు నా అనుభవం పనికొస్తుందని ఈ ఉత్తరం రాస్తున్నాను. మాది నెల్లూరు జిల్లా నుంచి వచ్చి మద్రాసులో స్థిరపడిన కుటుంబం. నాన్నగారు పాత చిట్టా పుస్తకంలో రాసి ఉంచిన 112 పేర్లతో మొదలుపెట్టి, పదకొండేళ్లలో 3,800 మందిని ఒక వంశవృక్ష సాఫ్ట్‌వేర్‌లో చేర్చాను.

నిరుడు మా తమ్ముడి కొడుకు సాయం చేద్దామని కూర్చున్నాడు. ‘ఒకే మనిషి రెండుసార్లు నమోదైనట్టుంది, కలపాలా?’ అని సాఫ్ట్‌వేర్ అడిగిన ప్రతిచోటా సరే అన్నాడు. పేర్లు వేలల్లోకి చేరాక ఇలా జంటలను ఏరి చూపించడం అవసరమే. కానీ మన ఇళ్లలో తాత పేరు మనవడికి పెడతాం. మా ముత్తాత సుబ్బరామయ్యగారు విరోధి నామ సంవత్సరంలో పుట్టారు. ఆయన పేరే పెట్టుకున్న మా చిన్నాన్న పుట్టిందీ విరోధిలోనే. అది 1889, ఇది 1949. పుస్తకంలో రెండుచోట్లా ‘విరోధి’ అని మాత్రమే ఉంది, నేనూ అలాగే ఎక్కించాను. ఇంటిపేరు, గోత్రం, పేరు, సంవత్సరం అన్నీ కలిశాయి. దాంతో చిన్నాన్న తన తండ్రికే తండ్రి అయ్యారు. ముత్తవ్వా పిన్నీ ఆయనకు ఇద్దరు భార్యలుగా పక్కపక్కన నిలబడ్డారు. పిన్ని ఆ తెర వంక చూసి, ఏమీ అనకుండా లేచి వెళ్లిపోయింది.

విడదీయడానికి నాకు ఆరు వారాలు పట్టింది. ముందురోజు నకలు తీసి ఉంచుకుని ఉంటే ఒక్క పూటలో అయ్యేది.

మేనరికాల దగ్గరా ఇలాంటి చిక్కే. మా అక్కను మేనమామకే ఇచ్చారు. తాతగారి సంతతిని అచ్చు తీస్తే అక్క పిల్లలు ఒకచోట మనవలుగా, మరోచోట మునిమనవలుగా కనిపిస్తారు. రెండూ నిజమే. దయచేసి ఎవరూ ఒకదాన్ని పొరపాటనుకుని తుడిచేయవద్దు.

ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరో సాఫ్ట్‌వేర్‌కు వివరాలు పంపుకునే జెడ్‌కామ్ పద్ధతి 1984లో వచ్చింది. 2021 నాటి 7.0 రూపంలో యూనికోడ్ తప్పనిసరి కాబట్టి తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారే బాధ తీరాలి. కానీ అందులో పొందుపరిచిన కేలండర్లు నాలుగే: గ్రెగోరియన్, జూలియన్, యూదుల కేలండర్, ఫ్రెంచి విప్లవ కాలపు కేలండర్. పట్టుమని పదిహేనేళ్లయినా నడవని ఆ ఫ్రెంచి కేలండర్‌కు చోటుంది, మన పెద్దలు తరతరాలుగా జననమరణాలు రాసుకున్న అరవై సంవత్సరాల చక్రానికి లేదు. కొత్త కేలండర్లను చేర్చుకునే వీలు 7.0లో ఉంది. చెన్నైలో, బెంగళూరులో, హైదరాబాదులో ఇంతమంది తెలుగు ప్రోగ్రామర్లు ఉన్నారు. ‘విరోధి’ అని రాయగానే 1889, 1949, 2009లలో ఏదని అడిగే ఏర్పాటు వారెవరైనా చేసిపెట్టాలని వేడుకుంటున్నాను.

అందాకా సంవత్సరం పేరు పక్కన అంకెల్లో సంవత్సరం వేస్తున్నాను. ఇంకా 214 మందివి తేలాలి. మా పెద్ద మేనత్తకు 91 ఏళ్లు. ఫలానా వారు పుట్టేనాటికి ఇంట్లో ఎవరెవరు ఉన్నారో ఆవిడ ఇప్పటికీ తడుముకోకుండా చెబుతారు. ప్రతి ఆదివారం పుస్తకం పట్టుకుని పెరంబూరు వెళ్తున్నాను.

— ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని,
పశ్చిమ మాంబళం, చెన్నై