సాంకేతిక లోపం అని వదిలేయకండి, ఏం చేయాలో చెప్పండి: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సమాచార సాంకేతిక శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

ఆన్‌లైన్ దరఖాస్తుల పోర్టల్ గురించి మీ కార్యాలయానికి పంపిన వినతిపత్రాలకు జవాబు రాకపోవడంతో ఈ లేఖను అందరి ముందూ రాయవలసి వస్తోంది. లోపాలే ఉండకూడదని నేను అడగడం లేదు. నెట్‌వర్క్ తెగడం, డేటాబేస్ ఆగిపోవడం ఏ వ్యవస్థకైనా తప్పవు. అవి జరిగినప్పుడు ఎదుట ఉన్న మనిషికి మనం ఏం చెబుతున్నామన్నదే నా ఆవేదన.

కారణం ఏదైనా సరే, ఇప్పుడు తెర మీద వచ్చేది ‘సాంకేతిక లోపం, కాసేపాగి ప్రయత్నించండి’ అన్న ఒక్క వాక్యమే. పుట్టిన తేదీ తప్పుగా నింపినా, ఫొటో సైజు ఎక్కువైనా, సర్వరే పడిపోయినా అదే మాట. మొదటి రెండూ దరఖాస్తుదారు అక్కడికక్కడే సరిదిద్దుకోగలిగినవి, మూడోది ఎన్నిసార్లు నొక్కినా ఆయన చేతిలో లేనిది. వెబ్ ప్రమాణాల్లో పంపినవారి తప్పుకు 400 వరుస, సర్వర్ వైఫల్యానికి 500 వరుస కోడ్‌లు వేరుగా ఉన్నాయి. సర్వర్ తాత్కాలికంగా అందుబాటులో లేదని చెప్పే 503 కోడ్‌తో పాటు ఎంతసేపు ఆగాలో చెప్పే వీలూ ఉంది. ఆ తేడా వినియోగదారు దాకా ఎందుకు రావడం లేదు? రుసుము చెల్లిస్తుండగా తెర ఆగిపోతే, డబ్బు వెళ్లిందో లేదో తెలియని మనిషిని మళ్లీ ప్రయత్నించమనడం అన్యాయం. ఒకే లావాదేవీ సంఖ్యతో రెండోసారి వచ్చిన చెల్లింపును గుర్తించి ఆపే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. ఇన్ని పేజీలు నింపిన వివరాలు ఆ లోపంతోనే చెరిగిపోవడం మరీ బాధాకరం.

ఈ పోర్టల్‌ను నడిపే నిర్వాహకులమైన మా పరిస్థితీ అంతే. వెబ్‌సైటు భద్రతా సర్టిఫికెట్ గడువు తీరిందని తెలిస్తే మేమే మార్చగలం, డిస్క్ నిండిందని తెలిస్తే మేమే ఖాళీ చేయగలం. కానీ సర్వర్ తన పనులను నమోదు చేసే లాగ్‌లో దొరికేవి ప్రోగ్రాం లోపలి ఫైళ్ల పేర్లు మాత్రమే. ఫిర్యాదుదారు తెర మీద ఏ గుర్తింపు సంఖ్యా ఉండదు కనుక ఆ వేల వరుసల్లో ఆయనది ఏదో పోల్చుకోలేం.

క్యాన్సర్ చికిత్సకు వాడిన థెరాక్-25 రేడియేషన్ యంత్రం 1985–87 మధ్య ఆరుగురికి అతిమోతాదు ఇచ్చింది. ప్రమాద సమయంలో ఒక ఆపరేటర్‌కు కనిపించింది ‘మాల్‌ఫంక్షన్ 54’ (లోపం 54) అన్న మాట. దాని అర్థమేమిటో యంత్రం మాన్యువల్‌లో వివరణ లేదు, అలాంటి సందేశాలు రోజూ చూసిన అలవాటుతో ఆపరేటర్ చికిత్స కొనసాగించే మీట నొక్కారు. మన పోర్టల్‌తో ప్రాణాపాయం లేకపోవచ్చు, గడువు తేదీ దాటిన దరఖాస్తుదారుకు మాత్రం నష్టం చిన్నది కాదు.

అయ్యా, తదుపరి టెండరు ఒప్పందంలోనైనా ఈ షరతు చేర్పించండి. ప్రతి లోప సందేశమూ అది ఎవరు సరిచేయగలరో, వారు ఏం చేయాలో చెప్పాలి. పోర్టల్ వైఫల్యంతో ఆగిన దరఖాస్తులకు గడువు పొడిగించాలి. కనీసం ఈ లేఖకైనా జవాబు ఇప్పించవలసిందిగా వేడుకుంటున్నాను.

భవదీయుడు,
ఒక వ్యవస్థ నిర్వాహకుడు