డిశ్చార్జి కాగితం మీద ఒక్క చిరునామా రాయించండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

అయ్యా, నాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డప్పుడు మా అమ్మ కూడా చీపురు పట్టుకుని మా ఊరి సారా కొట్టు ముందు బైఠాయించింది. మరుసటేడు సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో అది పోయింది. అంత పోరాడిన తల్లికి పుట్టిన నేను పదిహేడేళ్లు తాగాను. మానేసి ఆరేళ్లవుతోంది. మానడానికి అన్నేళ్లు ఎందుకు పట్టిందో మీకు చెప్పుకోవాలనే ఈ లేఖ.

మానాలని అనుకోక కాదు. పిల్లల మీద ఒట్టేశాను. తాయెత్తు కట్టించుకున్నాను. ఎవరో ఇచ్చిన నాటుమందు మా ఆవిడ కూరలో కలిపి పెడితే రెండు రోజులు వాంతులతో పడున్నాను. మూడేళ్లు వరసగా అయ్యప్ప మాల వేశాను. మాలలో ఉన్న 41 రోజులూ చుక్క ముట్టలేదు. మాల తీసిన సాయంత్రమే వైన్ షాపు కాడ ఉన్నాను. దేవుడంటే భయం లేక కాదు. తెల్లవారుజామున నాతో పాటు చన్నీళ్లు పోసుకున్న స్వాములు, రాత్రి భజనలో నా పక్కన కూర్చున్న స్వాములు మాల తీయగానే ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. అన్నాళ్లూ నన్ను నిలబెట్టింది ఆ తోడేనని నాకప్పట్లో తెలీలేదు.

చివరికి ఒక ప్రభుత్వాసుపత్రిలో చేర్చారు. అక్కడి డాక్టర్లు నా ప్రాణం నిలబెట్టారు, ఆ మాట ముందు చెప్పాలి. ఏళ్ల తరబడి రోజూ తాగేవాడు ఉన్నట్టుండి ఆపేస్తే చేతులు వణకడంతో పోదు. ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. అందుకే మొదట డాక్టరే కావాలి. పదకొండు రోజుల తర్వాత డిశ్చార్జి కాగితం చేతికిచ్చారు. మూడు రకాల బిళ్లలు, అడుగున 'మద్యం ముట్టరాదు' అని ఒక ముక్క. రేపు సాయంత్రం ఆరింటికి ఒళ్లంతా మందు అడిగితే ఎక్కడికి పోవాలో అందులో లేదు. బస్టాండు నుంచి మా ఇంటి దాకా వైన్ షాపులు మాత్రం మూడున్నాయి.

గేటు దగ్గర వార్డుబాయ్ ఒకాయన నన్ను ఆపాడు. నా చేతిలోని మందుల కవరు తీసుకుని దాని మీద ఒక ఫోన్ నంబరు, 'ఆదివారం 6 గంటలు, బడి వెనక గది' అని రాసిచ్చాడు. "నేనూ అక్కడికే పోతాన్నా, రా" అన్నాడు.

ఆ ఆదివారం బడి గేటు దాటి రెండుసార్లు ముందుకెళ్లిపోయాను. లోపలికి పోతే తాగుబోతని తెలిసిపోతుందని సిగ్గు. కాలవగట్టున పడున్నప్పుడు ఊరంతా చూసిందన్న సంగతి ఆ క్షణాన గుర్తు రాలేదు. లోపల ఎనిమిది మంది, చిన్నపిల్లల పొట్టి బెంచీల మీద మోకాళ్లు పైకి లేపుకుని కూర్చున్నారు. కులం అడగలేదు, సంతకం పెట్టించుకోలేదు. బుద్ధి చెబుతారనుకున్నాను, చెప్పలేదు. ఒకాయన లేచి "నేను తాగుబోతుని. ఇవాళ తాగలేదు" అని మొదలుపెట్టి, సీసాని బియ్యం డబ్బాలో ఎలా దాచేవాడో చెప్పాడు. నేను దాచిందీ బియ్యం డబ్బాలోనే.

ఆ గది ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్లది. 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో ఇద్దరు తాగుబోతులు, అందులో ఒకాయన డాక్టరే, ఒకరికొకరు తోడు నిలబడి మొదలుపెట్టారు. మన దేశంలో 1957లో బొంబాయిలో మొదలైంది. ఫీజు లేదు, మానాలన్న కోరిక ఉంటే చాలు. ఇంట్లో వాళ్ల కోసం అల్-అనాన్ అని వేరే ఉంది. మా ఆవిడ అక్కడే మళ్లీ నిద్రపోవడం నేర్చుకుంది. పది వేల మందికి పైగా పాల్గొన్న 27 పరిశోధనలను 2020లో కోక్రేన్ సంస్థ పరిశీలించింది. పూర్తిగా మానేసి నిలబడడంలో ఈ దారి మిగతా చికిత్సలకు తీసిపోదని, చాలా వరకు మెరుగేనని తేల్చింది.

2020 జూలై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో వైన్ షాపులు మూసి ఉంటే శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. ఆ లాక్‌డౌన్‌లోనే మా సమావేశం ఫోన్లో నడిచింది, కువైట్ నుంచి కూడా ఒకాయన కలిసేవాడు. కురిచేడు వాళ్లకు అలాంటిది ఒకటుందని ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సాయం అందుతోందని కేంద్రం 2019లో వెలువరించిన సర్వే చెప్పింది. సాయం అందిన ఆ ఒక్కడిని నేను.

మాకు నిధులు వద్దు. బయటివాళ్ల డబ్బు తీసుకోకూడదన్నది సంఘం కట్టుబాటు. మీరు చేయించాల్సింది చిన్న పని. డీ-అడిక్షన్ వార్డు ఉన్న ప్రతి ఆసుపత్రిలో డిశ్చార్జి కాగితం అడుగున దగ్గర్లోని సమావేశం ఏ రోజు, ఎన్నింటికి, ఎక్కడో అచ్చు వేయించండి. పక్కనే 14446 హెల్ప్‌లైన్ నంబరు కూడా వేయించండి. వివరాలు సంఘం వాళ్లే తెచ్చిస్తారు. రోగి మంచం మీద ఉండగానే, తను సరేనంటే, మానేసిన మనిషి ఒకరు వచ్చి పావుగంట మాట్లాడనివ్వండి. సమావేశాలు లేని ఊళ్లలో ఓపీ అయ్యాక ఒక గది ఇప్పించండి, ఊరికే వద్దు, నామమాత్రపు అద్దె తీసుకోండి. కానీ అక్కడ ఆధార్ అడగొద్దు, ఫొటోలు తీయొద్దు, లబ్ధిదారుల జాబితా రాయొద్దు. పేరు బయటికి పోతుందంటే ఎవరూ గడప తొక్కరు, ఆడవాళ్లు అసలే రారు.

ఆ మందుల కవరు ఇంకా నా దగ్గరుంది. ఫోన్ నంబరు చెరిపేసి, దాని జిరాక్స్ ఈ లేఖకు జత చేస్తున్నాను.

ఇట్లు,
మానేసిన ఒక మనిషి,
నెల్లూరు జిల్లా