పాచికలు లేకుండానే పెట్టెలు పంపుతున్నాను

ఆదివారాలు మన దుకాణంలో బల్లల చుట్టూ కూర్చునే మిత్రులకు, 'మొదటి ఆట' పెట్టె కోసం ముందుగా సొమ్ము కట్టిన అందరికీ నమస్కారం. దసరా సెలవులకు ముందే అందిస్తానన్న పెట్టె మీకు అందుతుంది. అయితే అందులో ఉండవలసిన ఏడు పాచికలు ఉండవు. ఎందుకు ఉండవో మీకు నేనే చెప్పాలి.

ఈ పెట్టె ఎలా పుట్టిందో పాతవారికి తెలుసు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే, ఒకరు కథ నడుపుతుంటే మిగిలినవారు అందులో పాత్రలై, చేయబోయిన పని ఫలించిందో లేదో పాచికలు వేసి తేల్చుకునే ఆట. అది ఆడాలని వచ్చేవారు పెరిగారు, ఆట నడిపేది మాత్రం నేనొక్కడినే. బల్లకు ఐదుగురు దాటితే ఎవరి వంతూ సరిగ్గా రాదు. అందుకే మీ ఇంట్లో, మీ స్నేహితులకు మీరే గేమ్ మాస్టర్‌గా ఆట నడిపించేందుకు కావలసినవన్నీ ఒకచోట చేర్చాలనుకున్నాను. ఆ ఆట మూలనియమాల పత్రాన్ని ప్రచురణకర్తలు 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ అనే ఉచిత అనుమతి కింద విడుదల చేశారు కాబట్టి, మూలాన్ని పేర్కొంటూ దాన్ని తెలుగులోకి తెచ్చుకునే వీలు అందరికీ ఉంది. ఆ వీలుతోనే 32 పేజీల పుస్తకం రాశాను. అది బాగా వచ్చింది.

పాచికలు బాగా రాలేదు. సరఫరాదారు నమూనాగా పంపిన రెండు సెట్లు చక్కగా ఉన్నాయి. వాటిని చూసే సగం సొమ్ము ముందుగా ఇచ్చాను. తీరా సరుకు విప్పి చూస్తే పది, పన్నెండు, ఇరవై ముఖాల పాచికలపై 6, 9 అంకెల కింద ఉండవలసిన గీత లేదు. ఆ గీత లేకపోతే పడింది ఆరో తొమ్మిదో చెప్పలేము. అనుమానం పెరిగి, ఉప్పు ఇక కరగనంతగా కలిపిన నీళ్లలో 40 పాచికలను తేల్చి చూశాను. లోపల గాలి బుడగ చిక్కుకున్న పాచికను ఎన్నిసార్లు తిప్పి వదిలినా, బరువున్న వైపు కిందికి దిగి, ఒకే ముఖం పైకి వస్తుంది. 11 పాచికలు అలాగే చేశాయి.

సరఫరాదారుకు ఫోన్ చేశాను. ఇరవై ముఖాల పాచికలో ఎదురెదురు ముఖాల మొత్తం 21 కదా, తిప్పి చూస్తే కింద 15 ఉంటే పైది 6 అనీ, 12 ఉంటే 9 అనీ తెలిసిపోతుంది కదా అన్నారు. లెక్క తప్పు కాదు. కానీ మొదటిసారి ఆట నడుపుతున్న మనిషి ముందు నలుగురు ఊపిరి బిగబట్టి ఏం పడిందోనని చూస్తున్న క్షణంలో, పాచికను తిప్పి కూడికలు చేసుకోవలసి వస్తే ఆ ఉత్కంఠ అక్కడికక్కడే చచ్చిపోతుంది. గాలి బుడగ తేడా ఒక్క పూట ఆటలో కనబడకపోవచ్చునని నేనూ ఒప్పుకుంటాను, అయినా తెలిసి తెలిసి అలాంటి పాచికను మీ చేతిలో పెట్టలేను. చివరికి ఆయన, "ఆట వస్తువులే కదండీ, ఇంత పట్టింపు ఎందుకు?" అన్నారు. ఆ మాట నాకు గుచ్చుకుంది, ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. సరుకంతా తిప్పి పంపేశాను. ఇచ్చిన సొమ్ము ఇంకా తిరిగి రాలేదు.

ఆ తరువాత ఏం చేయాలన్నది మూడు రాత్రులు తేలలేదు. మంచి పాచికలు వచ్చేదాకా పెట్టెలన్నీ ఆపడమే మర్యాద అని మొదట అనుకున్నాను. అన్నీ ఒకే పెట్టెలో ఇస్తానని చెప్పి, పాచికల గడి ఖాళీగా ఉంచి పంపడం నాకు తలవంపులుగా అనిపించింది. కానీ మీలో చాలామంది, బెంగళూరు నుంచీ పుణె నుంచీ స్నేహితులు పండగకు ఇంటికి వచ్చినప్పుడే మొదటి ఆట పెట్టుకుంటామని చెప్పి డబ్బు కట్టారు. ఆ వారం దాటితే ఆ నలుగురు మళ్లీ ఎప్పుడు కలుస్తారో ఎవరూ చెప్పలేరు. నా పెట్టె అందం కోసం మీ ఆటను వాయిదా వేయించడం న్యాయం కాదని నిర్ణయించుకున్నాను.

పాచికలు వచ్చేదాకా హౌసీ బిళ్లలు వాడండి. 1 నుంచి 20 వరకు ఉన్నవాటిని ఒక గుడ్డసంచిలో వేసి, ఒకటి తీసి చూసి, మళ్లీ సంచిలోనే వేసి కలపాలి. తిరిగి వేయకపోతే తరువాతివారి అవకాశాలు మారిపోతాయి. దెబ్బ ఎంత గట్టిగా తగిలిందో తేల్చేటప్పుడు బాకుకు 4 వరకు, పొడవాటి కత్తికి 8 వరకు ఉన్న బిళ్లలే లెక్క, అంతకు మించినది వస్తే మరొకటి తీయండి. ఆరు ముఖాల పాచిక వైకుంఠపాళి పెట్టెలో ఉండనే ఉంటుంది. గవ్వలు వాడవచ్చా అని ఒకరు అడిగారు. గవ్వ బోర్లా పడటం, వెల్లకిలా పడటం సమానంగా జరగవు కాబట్టి వద్దు.

మొదటి రాత్రికి పుస్తకంలోని చెరువు తూము కథ ఒక్కటే చాలు, సొంత లోకం సృష్టించే పని అప్పుడే పెట్టుకోకండి. నలుగురు ఆటగాళ్లు, మూడు గంటలు, నేను ముందే నింపి ఉంచిన క్యారెక్టర్ షీట్లు (ఒక్కో పాత్ర వివరాలు రాసిన కాగితాలు) ఉంటే ఆట సాగిపోతుంది. తేలిక పనికి కనీసం 10, మధ్యరకం పనికి కనీసం 15, కష్టమైన పనికి కనీసం 20 రావాలన్నది గుర్తుంటే పేజీలు తిరగేయవలసిన అవసరం అంతగా రాదు. తాళం లేని తలుపు తీయడానికి ఎవరినీ బిళ్ల తీయమనకండి, పని విఫలమైతే కథ మలుపు తిరిగే చోటే అడగండి. ఎవరైనా మీరు ఊహించనిది చేస్తానంటే కాదనకండి, ఎలా చేస్తావో చెప్పమనండి.

పెట్టెలు సోమవారం బయలుదేరతాయి. ధర పెంచను. సొమ్ము వెనక్కి కావాలన్నవారికి మొత్తం ఇస్తాను, కారణం అడగను. పాచికలు మరొకరికి పురమాయించాను. కార్తీకంలో వస్తాయని వారు చెప్పారు, ఈసారి సరుకంతా చూశాకే డబ్బు ఇస్తాను. ఇరవై ముఖాల పాచికను ప్రతి సెట్టులోనూ ఉప్పునీళ్లలో తేల్చి చూసి, నా ఖర్చుతో మీ ఇంటికి పంపుతాను. దగ్గరలో ఉన్నవారు దుకాణానికి వస్తే, గిన్నె కౌంటరు మీదే ఉంటుంది, మీ పాచికను మీరే వదిలి చూసుకుని తీసుకువెళ్లవచ్చు.