రిపీటర్ పెట్టడంతో పని అయిపోదు

సంపాదకులకు,

విపత్తుల సన్నద్ధత గురించి చర్చ వచ్చిన ప్రతిసారీ హామ్ రేడియో, అంటే లైసెన్సు తీసుకుని అభిరుచితో నడిపే అమెచ్యూర్ రేడియో, పేరు వినిపిస్తుంది. ఫోన్లు మూగబోయినప్పుడు హామ్‌లు ఆదుకున్నారని పత్రికలు రాస్తాయి, అధికారులు అభినందిస్తారు. సంతోషమే. అయితే ఆ మాటలు ఏ పరికరం మీదుగా వెళ్లాయో, మామూలు రోజుల్లో దాని బాగోగులు ఎవరు చూస్తున్నారో అడిగేవారు అరుదు. కొండ మీదో, ఎత్తయిన భవనం పైనో, నీటి ట్యాంకు మీదో ఉండి, ఆ మాటలను అందుకుని దూరానికి తిరిగి పంపే రిపీటర్ కేంద్రం గురించే ఈ లేఖ. దాన్ని నెలకొల్పడానికి అప్పుడప్పుడూ చేయూత దొరుకుతుంది. ఏళ్ల తరబడి పనిచేయించడానికి దొరకదు. అవసరం వచ్చిన రోజున ఈ లోటు ప్రాణాల మీదికి తెస్తుంది.

చేతిలో పట్టుకునే హామ్ సెట్టు శక్తి సాధారణంగా 5 వాట్లు. రిపీటర్లు ఎక్కువగా వాడే రెండు మీటర్ల బ్యాండులో, అంటే 144 మెగాహెర్ట్జ్ పైన, తరంగాలు దాదాపు చూపు సాగినంత దూరమే వెళతాయి. నేల మీద నిలబడిన మనిషి సెట్టుకు రేడియో దిగంతం, అంటే తరంగాలు చేరగల హద్దు, సుమారు 5 కిలోమీటర్లు. మధ్యలో భవనాలో గుట్టలో అడ్డుంటే అదీ దక్కదు. యాంటెన్నాను చుట్టుపక్కల నేలకంటే 400 మీటర్ల ఎత్తున పెడితే ఆ దిగంతం 80 కిలోమీటర్లు దాటుతుంది. ఆ ఎత్తున కూర్చుని, బలహీనమైన సంకేతాన్ని ఒక ఫ్రీక్వెన్సీ మీద విని, అదే క్షణంలో మరో ఫ్రీక్వెన్సీ మీద బలంగా తిరిగి పంపడమే రిపీటర్ పని. దీనికి ఫైబర్ లైను అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. కరెంటు పోతే బ్యాటరీ చాలు.

2017లో మరియా తుపాను తరువాత కరీబియన్ దీవి ప్యూర్టోరికోలో మొబైల్ టవర్లలో 95 శాతం పనిచేయలేదు. అమెరికన్ రెడ్‌క్రాస్ కోరిక మీద అక్కడికి హామ్ ఆపరేటర్లను పంపవలసి వచ్చింది. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రపు పశ్చిమ ప్రాంతంలోని కొండ ఊళ్లను ముంచెత్తినప్పుడు, మౌంట్ మిచెల్ పేరుతో పిలిచే రిపీటర్ 145.190 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తూనే ఉంది. ఏ దారి తెగింది, ఎవరికి మందులు కావాలి, ఎవరు క్షేమంగా ఉన్నారు అన్న కబుర్లు దాని మీదుగానే నడిచాయి. లైసెన్సు లేనివారు కూడా రేడియో పక్కన కూర్చుని విన్నారు. ఆ పని ఆ వారంలో మొదలైంది కాదు. అంతకు ముందు ఎన్నో ఏళ్లుగా ఎవరో ఆ కొండ ఎక్కి కేబుళ్లు సరిచూసి, బ్యాటరీలు మార్చారు కాబట్టే అది మాట్లాడింది.

రిపీటర్ పైకి కనిపించేంత తేలికైన యంత్రం కాదు. ఒకే యాంటెన్నా మీద ఒకే సమయంలో వినాలి, పంపాలి. రెండు మీటర్ల బ్యాండులో ఈ రెండు ఫ్రీక్వెన్సీల మధ్య ఎడం సాధారణంగా 600 కిలోహెర్ట్జ్ మాత్రమే. చెవి పక్కనే డప్పు మోగుతుండగా వీధి చివర గుసగుస వినవలసిన పరిస్థితి అది. అందుకే డూప్లెక్సర్ ఉంటుంది. కేవిటీలు అనే లోహపు డబ్బాలను కచ్చితమైన ఫ్రీక్వెన్సీలకు శ్రుతి చేసి, పంపే శక్తి రిసీవర్ వైపు పోకుండా అడ్డుకుంటారు. ఆ అడ్డు 90 డెసిబెల్స్‌కు అటూ ఇటూగా ఉండాలి, అంటే దాదాపు వంద కోట్ల వంతుకు తగ్గించాలి. ఎండకు, చలికి లోహం వ్యాకోచించి సంకోచిస్తే ఈ శ్రుతి జారుతుంది. దాన్ని సరిచేయడానికి ఆ శ్రుతిని కొలిచే నెట్‌వర్క్ అనలైజర్ అనే పరికరం కావాలి, ఆ పరికరం వాడటం తెలిసిన మనిషి కావాలి. అనుభవం మీద గానీ తెలియని చిక్కులు ఇంకా ఉన్నాయి. ఇంట్లో సెట్టుకు చక్కగా పనికొచ్చే, అల్యూమినియం రేకు మీద రాగి అల్లిక ఉన్న కేబుల్‌ను రిపీటర్‌కు వేస్తే, ఆ రెండు లోహాలు రాసుకునే చోట గరగర పుట్టి రిసీవర్‌ను చెడగొడుతుంది. ఖరీదైనా గట్టి కవచమున్న హార్డ్‌లైన్ కేబులే వేయాలి. డబ్బు ఆదా చేద్దామని ఇక్కడ రాజీపడితే తరువాత నెలల తరబడి లోపం వెతుక్కోవాలి.

రిపీటర్ ఒక్కసారిగా ఆగిపోతే నాకంత దిగులుండదు, గంటలో అందరికీ తెలిసిపోతుంది. నన్ను భయపెట్టేది దానికి మెల్లగా వచ్చే చెవుడు. కనెక్టరు మీద చుట్టిన టేపు ఎండకు పగులుతుంది, వాన నీరు లోపలికి దిగి కేబుల్ అల్లిక వెంట పాకుతుంది. యాంటెన్నా దగ్గర ఒక బోల్టు తుప్పు పడుతుంది. పిడుగు నుంచి కాపాడవలసిన ఎర్త్ తీగ ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది. అయినా దగ్గరలో ఉన్నవారు, పెద్ద యాంటెన్నా ఉన్నవారు రోజూ హాయిగా మాట్లాడుకుంటూనే ఉంటారు, రిపీటర్ బాగానే ఉందని అనుకుంటారు. వినబడకుండా పోయేది చిన్న సెట్టుతో అంచున ఉన్న మనిషి గొంతు. విపత్తులో సాయం కోసం పిలిచేది అతనే. ఈ లోపం దానంతట అది బయటపడదు. రిసీవర్ ఎంత బలహీనమైన సంకేతాన్ని వినగలుగుతోందో, ట్రాన్స్‌మిటర్ నడుస్తున్నప్పుడు ఆ వినికిడి ఎంత పడిపోతోందో క్రమం తప్పకుండా కొలిచి రాసిపెట్టుకుంటేనే తెలుస్తుంది.

బ్యాటరీల సంగతీ ఇంతే. 50 వాట్లు పంపే రిపీటర్ మాట్లాడుతున్నంతసేపూ 10 ఆంపియర్లకు పైగా లాగుతుంది. మామూలు రోజుల్లో అది ఎక్కువసేపు మౌనంగానే ఉంటుంది కాబట్టి పాత బ్యాటరీ కూడా నెట్టుకొస్తుంది. విపత్తు రోజున ఒకరి తరువాత ఒకరు ఆపకుండా మాట్లాడతారు. ఛార్జరుకు తగిలించిన బ్యాటరీ మీద వోల్ట్‌మీటరు పెట్టి చూస్తే అంతా సవ్యంగానే కనిపిస్తుంది. మెయిన్ ఆపి, నిజమైన భారం మీద గంటల తరబడి నడిపితేనే దాని సత్తా బయటపడుతుంది.

ఇవన్నీ చేయడానికి అక్కడికి వెళ్లగలగాలి కదా! అసలు అవరోధం అక్కడే ఉంది. చాలా చోట్ల అనుమతి ఎప్పుడో ఒక అధికారి నోటిమాటగా ఇచ్చినది. ఆయన బదిలీ అయితే మేము ఎవరమో కొత్తవారికి తెలియదు. నేను చూసుకునే కేంద్రం ఉన్న భవనం యాజమాన్యం మారినప్పుడు పైకప్పు తాళం చెవి కోసమే వారాలు తిరిగాం. మరమ్మతులకు వచ్చిన పనివారు మా కేబుల్‌ను అనవసరపు తీగ అనుకుని పక్కకు వంచేసిన సందర్భమూ ఉంది. పైగా కొన్నిచోట్ల వ్యాపార సంస్థల యాంటెన్నాలతో సమానంగా మమ్మల్నీ అద్దె అడుగుతున్నారు. అంతర్జాతీయ రేడియో నిబంధనల ప్రకారం అమెచ్యూర్ సేవ ధనాపేక్ష లేకుండా సాగవలసినది. సేవకు రుసుము తీసుకోలేనివారు అద్దె ఎక్కడి నుంచి తెస్తారు? అవే నిబంధనలు 2003 సవరణల తరువాత, విపత్తు సహాయానికి అమెచ్యూర్ కేంద్రాలు ముందుగానే సిద్ధపడేలా తగిన చర్యలు తీసుకోవాలని ప్రభుత్వాలను ప్రోత్సహిస్తున్నాయి. తాళం తీయకుండా సిద్ధపడటం ఎలా సాధ్యం?

ఉపగ్రహ ఫోన్లు వచ్చాక ఇదంతా ఎందుకని కొందరు అడుగుతారు. ఉపగ్రహ ఫోను ఒకరిని మరొకరితో కలుపుతుంది. రిపీటర్ మీద ఒకరు చెప్పింది అందరూ వింటారు. వంతెన కూలిందన్న కబురు ఒక్కసారి చెబితే అటు బయలుదేరిన ప్రతి వాహనానికీ అందుతుంది. రెండూ ఉండాలి. అలాగే రిపీటర్లను ఇంటర్నెట్ ద్వారా కలిపే డిజిటల్ పద్ధతుల మీద మా హామ్‌లలోనే ఎంతో మోజు ఉంది. నాకూ అవి ఇష్టమే. కానీ ఆ లింకు తెగిన క్షణాన కూడా స్థానికంగా మామూలు ఎఫ్‌ఎం మీద పనిచేయని రిపీటర్‌ను విపత్తు ప్రణాళికలో లెక్కించకూడదని నా గట్టి అభిప్రాయం.

మా వైపు చేయవలసినదీ ఉంది. చాలా కేంద్రాల గుట్టు ఒక్క వయసు మళ్లిన ఆపరేటరు తలలోనే ఉంటోంది. వైరింగ్ పటం, డూప్లెక్సర్ కొలతలు, రిపీటర్‌ను నియంత్రించే కంట్రోలర్ పాస్‌వర్డు కాగితం మీద రాసి కనీసం ముగ్గురి దగ్గర ఉంచాలి. టవరు ఎక్కే పనికి ఎవరినీ ఒంటరిగా పంపకూడదు. పాత ఆపరేటర్లు ఓపిక ఉండగానే యువకులను పక్కన నిలబెట్టుకుని పని నేర్పాలి.

ప్రభుత్వాలను కోరేది పెద్ద ఖర్చు కాదు. ప్రభుత్వ భవనాలు, ట్యాంకులు, టవర్ల మీద రిపీటర్లకు అద్దె లేని చోటును లిఖితపూర్వకంగా ఇవ్వాలి, అధికారి మారినా ఆ ఒప్పందం చెల్లాలి. ఏ వేళనైనా పైకి వెళ్లడానికి ఇద్దరు ముగ్గురు ఆపరేటర్లకు గుర్తింపు పత్రాలు ఇవ్వాలి. కొత్త రిపీటర్‌కు నిధులిచ్చే ప్రతిసారీ బ్యాటరీలకు, కేబుళ్లకు, కొలతలకు ఏటా కొంత కేటాయించాలి. ఏడాదికి రెండుసార్లు, వానాకాలానికి ముందు ఒకసారి తప్పనిసరిగా, విపత్తు నిర్వహణ సిబ్బంది సమక్షంలో మెయిన్ కరెంటు ఆపి రిపీటర్‌ను పూర్తిగా ఒక రోజు నడపాలి. అంచున ఉన్న ఊళ్ల నుంచి చిన్న సెట్లతో పిలిచి చూడాలి. ఎవరి గొంతు అందింది, ఎవరిది అందలేదు అన్న ఫలితాన్ని అధికారుల నుంచి అడిగి తీసుకుని మీ పత్రికలో ప్రచురించమని మనవి.

భవదీయుడు,
రిపీటర్ నిర్వహణ చూసే ఒక హామ్ ఆపరేటరు