మొటిమల పేరు చెప్పి శాకాహారుల తిండి మాన్పించొద్దు

సంపాదకుడు గారికి,

మొహం మీద మొటిమలు తగ్గకపోతే 'ఫుడ్ సెన్సిటివిటీ టెస్ట్', అంటే ఏ తిండి ఒంటికి పడదో చెబుతామనే రక్తపరీక్ష, చేయించుకోమనే ప్రకటనలు ఈమధ్య బాగా పెరిగాయి. పత్రికల ఆరోగ్య పేజీలూ అదే బాట పట్టాయి. పాలు మానండి, గోధుమ మానండి, సోయా మానండి అంటున్నాయి. మాంసం, చేపలు, గుడ్లు ముట్టనివాళ్లు ఇవన్నీ మానేస్తే ఇక ఏం తినాలో మాత్రం ఎవరూ రాయడం లేదు.

ఈ టెస్టుల్లో చాలావరకు కొలిచేది రక్తంలోని ఐజీజీ (IgG) యాంటీబాడీలను, అంటే మన రోగనిరోధక వ్యవస్థ తయారుచేసే ఒక రకం ప్రోటీన్లను. తరచూ తినే పదార్థాలకు ఈ యాంటీబాడీలు ఉండటం మామూలు విషయమే. ఆ తిండి మన ఒంటికి అలవాటైందనడానికి అది గుర్తు. పడటం లేదనడానికి అది రుజువు కాదు. అసలైన అలర్జీని తేల్చడానికి డాక్టర్లు చూసేది ఐజీఈ (IgE) అనే వేరే రకం యాంటీబాడీని. ఆహార అలర్జీ నిర్ధారణకు ఐజీజీ టెస్టులు పనికిరావని యూరప్ అలర్జీ నిపుణుల సంఘం 2008లోనే తేల్చింది. 2012లో కెనడా నిపుణుల సంఘమూ ఇదే చెప్పింది. రోజూ పాలు, పప్పులు, గోధుమ తినేవాళ్ల రిపోర్టులో 'ఇది పడదు' అనే ఎర్ర గుర్తులు వేటి పక్కన పడతాయో చెప్పనక్కర్లేదు. శాకాహారికి ప్రోటీన్ వచ్చేది ప్రధానంగా వాటి నుంచే.

మా బంధువుల అమ్మాయి చేతికి ఇలాంటి రిపోర్టే వచ్చింది. పాలు, పెరుగు, గోధుమ, శనగలు, వేరుశనగ అన్నీ ఒక్కసారే మానేసింది. కొన్ని నెలలకు నీరసం పట్టుకుంది, జుట్టు రాలడం మొదలైంది, రక్తంలో బి12 విటమిన్ (శాకాహారులకు ఇది ప్రధానంగా పాలు, పెరుగు నుంచే అందుతుంది) బాగా తక్కువగా ఉందని తేలింది. మొటిమలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. ఏది తినాలన్నా ఆ పిల్లకు టెన్షనే. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఆ భయమే.

తిండికీ మొటిమలకూ సంబంధమే లేదని నేను అనడం లేదు. అమెరికాలో నలభై ఏడు వేల మందికి పైగా నర్సులను వాళ్ల హైస్కూలు రోజుల తిండి గురించి అడిగి, 2005లో ఒక అధ్యయనం ప్రచురించారు. పాలు, ముఖ్యంగా వెన్న తీసిన పాలు, ఎక్కువగా తాగినవాళ్లలో మొటిమలు కొంత ఎక్కువని అందులో కనిపించింది. రక్తంలో చక్కెరను త్వరగా పెంచే తిండి తగ్గిస్తే మొటిమలు తగ్గాయని 2007లో ఆస్ట్రేలియాలో యువకుల మీద జరిగిన 12 వారాల అధ్యయనం చెప్పింది. జిమ్‌కు వెళ్లేవాళ్లు తాగే వే ప్రోటీన్‌తో (పాల నుంచి తీసే ప్రోటీన్ పొడితో) మొటిమలు పెరిగిన సందర్భాలూ వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఇవేవీ అలర్జీలు కావు. ఇన్సులిన్, దానిలాంటి హార్మోన్ల ప్రభావం అని నిపుణులు అనుకుంటున్నారు. తీపి, మైదా తగ్గించి చూడటానికి ఏ టెస్టూ అక్కర్లేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. మొటిమ పైకి కనిపించడానికి వారాల ముందే చర్మరంధ్రం లోపల మూసుకుపోవడం మొదలవుతుంది. అందుకే నిన్న తిన్నదాని మీద ఇవాళ నింద వేయడం సరికాదు. తిన్న కాసేపటికే దద్దుర్లు లేచినా, పెదవులు వాచినా అది వేరే సమస్య, వెంటనే డాక్టర్‌కు చూపించాలి. మోచేతులు, మోకాళ్ల మీద విపరీతమైన దురదతో చిన్న పొక్కులు వస్తుంటే గోధుమలోని గ్లూటెన్ అనే ప్రోటీన్ వల్ల కావచ్చు. అప్పుడు కూడా పరీక్షలు పూర్తయ్యేదాకా గోధుమ మానకూడదు, మానేస్తే జబ్బు పరీక్షకు దొరక్కపోవచ్చు.

చర్మ వైద్యులకూ ఒక విన్నపం. రోగి ఏం తింటారో, ఏ పొడులు, ఏ విటమిన్లు వాడుతున్నారో ముందు అడగండి. కొందరికి అధిక మోతాదు బి12తో కూడా మొటిమలు వస్తాయి, కానీ శాకాహారులను దాన్ని ఉన్నపళంగా మానేయమనడం ప్రమాదం. మందు క్యాప్సూల్ పైపొర జెలటిన్‌తో, అంటే జంతువుల నుంచి తీసిన పదార్థంతో, చేసిందైతే ఆ మాట ముందే చెప్పండి. తర్వాత తెలిసి మధ్యలో మందు ఆపేసేవాళ్లు ఉన్నారు.

మీ పత్రికను కోరేది ఒకటే. ఐజీజీ టెస్టుల ప్రకటనలు తీసుకోకండి. ఆరోగ్య పేజీలో ఏదైనా మానమని రాస్తే, దాని బదులు శాకాహారులు ఏం తినాలో, ఎన్ని వారాలు చూడాలో, మార్పు లేకపోతే మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా అక్కడే రాయించండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు