తీర్పు నకలుతో పాటు తెలుగులో ఒక చీటీ కావాలి

సంపాదకుడు గారికి,

మా మేనమామది చంద్రగిరి దగ్గర పల్లె. పక్క కయ్య (మడి) వాళ్లతో గెనిమ (పొలం గట్టు) తగాదా. జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో ఆరేళ్లు నడిచాక దావా ఓడిపోయాడు. ఆ కోర్టును ఆయన ఇప్పటికీ మున్సిఫ్ కోర్టు అనే అంటాడు. ఆ తర్వాత ఎక్కడికి పోవాలో ఆయనకు విడమరిచి చెప్పినవాళ్లు లేరు. తీర్పు కాపీ సంచిలో పెట్టుకుని సోమవారం సోమవారం గ్రీవెన్సుకు పోయి కలెక్టరు గారికి అర్జీలు ఇచ్చాడు. కోర్టు తీర్పును కలెక్టరు మార్చలేరు. ఆ సంగతి తెలిసి మా ఇంటికి వచ్చేసరికి రెండు నెలలు దాటిపోయాయి.

జిల్లా కోర్టులో అప్పీలు వేయడానికి గడువు 30 రోజులే. నకలు తీసుకోవడానికి పట్టిన రోజుల్ని ఆ లెక్కలోంచి తీసేస్తారు. గ్రీవెన్సు చుట్టూ తిరిగిన రోజుల్ని మాత్రం అలా తీసేసే లెక్క లేదు.

ఈ మెట్టు తప్పితే ఎంత నష్టమో నాకూ ఇప్పుడే తెలిసింది. గెనిమ అసలు ఎక్కడుంది, ఎవరి సాక్ష్యం నమ్మాలి అన్నవి జిల్లా స్థాయి అప్పీలులో మళ్లీ పరిశీలిస్తారు. ఆపైన అమరావతిలోని హైకోర్టుకు రెండో అప్పీలుతో వెళితే, చట్టానికి సంబంధించిన గట్టి ప్రశ్న ఉంటేనే వింటారు. అంటే మా మామలాంటి రైతు గోడు పూర్తిగా వినిపించుకోగలిగేది జిల్లా దాకానే.

పైగా జిల్లాల గందరగోళం ఒకటి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా అయినప్పుడు కోర్టులు కూడా దానితో పాటే మారిపోయాయని చాలామంది అనుకున్నారు. కోర్టుల ఏర్పాటు రెవెన్యూ గీతలతో పాటు దానంతటదే మారదు. రాజ్యాంగం 235వ అధికరణం ప్రకారం కింది కోర్టులు హైకోర్టు అదుపులో ఉంటాయి. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పినదాన్ని, నేనే ఇక్కడ తడబడ్డాను.

ఉచిత న్యాయసహాయం సంగతీ అంతే. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, చట్టంలో చెప్పిన మరికొందరికి ఆదాయంతో పని లేకుండా లాయరును పెడతారు. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంది. 15100 నంబరుకు ఫోన్ చేస్తే దారి చెబుతారు. మా పల్లెలో ఈ నంబరు తెలిసినవాళ్లు ఒక్కరు కూడా నాకు కనిపించలేదు.

హైకోర్టు వారిని, ఉచిత న్యాయసహాయం చూసే జిల్లా న్యాయసేవాధికార సంస్థను నేను కోరేది చాలా చిన్నది. తీర్పు నకలు ఇచ్చేటప్పుడు దానికి తెలుగులో ఒక చీటీ జతచేయండి. అప్పీలు ఏ కోర్టులో వేయాలి, గడువు ఎన్ని రోజులు, డబ్బు లేకపోతే ఏ గది తలుపు తట్టాలి, ఈ మూడు ముక్కలు పెద్ద అక్షరాల్లో ఉంటే చాలు. అదే సమాచారం కోర్టు గేటు దగ్గర బోర్డు మీద కూడా రాయించండి. గ్రీవెన్సులో అర్జీలు తీసుకునే సిబ్బంది కూడా, తీర్పు కాపీ చూడగానే ఇది ఇక్కడ తేలదని ఆ రోజే చెప్పి పంపాలి.

మామ ఇప్పుడు అప్పీలుతో పాటు ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ వేశాడు. లిమిటేషన్ చట్టం (కోర్టు గడువుల చట్టం) 5వ సెక్షన్ కింద తగిన కారణం చూపితే మన్నించే అధికారం కోర్టుకు ఉంది. వచ్చే నెల వాయిదా. ఆయన చెప్పే కారణం కోర్టుకు సరిపోతుందో లేదో అని ఇంటిల్లిపాదీ టెన్షన్ పడుతున్నాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్, తిరుపతి